టీమ్‌లో ఎవరున్నారు?

ప్రభుత్వ సిబ్బందికి ‘ఎజైల్’ పద్ధతి, కమ్యూనికేషన్, టీమ్‌వర్క్ నేర్పాలంటున్నారు. పనిని చిన్న చిన్న దఫాలుగా చేస్తూ, దాన్ని వాడేవాళ్ల మాట విని ఎప్పటికప్పుడు దిద్దుకోవడమే ఎజైల్. 2001లో అమెరికాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు రాసుకున్న ప్రకటనతో ఈ పేరు స్థిరపడింది. (17 మందీ మగవాళ్లే!) ఆ పద్ధతితో నాకు పేచీ లేదు. టీమ్ అంటే ఎవరన్నదే నా ప్రశ్న.

2005 నాటి గృహహింస చట్టాన్నే తీసుకోండి. పోలీసులకు, న్యాయాధికారులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలనీ, శాఖల మధ్య సమన్వయం ఉండాలనీ అందులోని 11వ సెక్షన్ ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది. అయినా దెబ్బలు తిన్న స్త్రీ స్టేషన్లో ఒకసారి, ఆస్పత్రిలో ఒకసారి, రక్షణాధికారి దగ్గర, లాయరు దగ్గర మళ్లీ మళ్లీ అదే గోడు ఎందుకు వెళ్లబోసుకోవాలి? మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆ 60 రోజుల్లో ఈ నలుగురూ ఒక్కసారైనా ఒకచోట కూర్చుంటున్నారా?

హోటల్ హాల్లో ఆటలాడించే శిక్షణలు మనకొద్దు. పేర్లు తీసేసిన ఒక ఫైలు ముందు పెట్టి, అది ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో అందరిచేతా లెక్క కట్టించండి. స్టేషన్ గుమ్మంలో మొదట పలకరించే కానిస్టేబుల్‌కూ అక్కడ కుర్చీ వెయ్యండి. ఇష్టపడి వచ్చే బాధిత స్త్రీలనూ పిలవండి, దారి ఖర్చులూ ఆ రోజు కూలీ ఇచ్చి మరీ.