భద్రత – మన బాధ్యత : చట్రం ఒక్కటే చాలదు

డంపర్లు, డోజర్ల వంటి భారీ యంత్రాలలో ఆపరేటరు చుట్టూ ఉండే ఉక్కు రక్షణ చట్రాన్ని గురించి ఈ మాసం ముచ్చటిస్తున్నాము. యంత్రం బోల్తాపడినప్పుడు ప్రాణాన్ని నిలిపేది అదే. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీనిని తప్పనిసరి చేసినది.

నేడు చట్రం తయారుకాక ముందే దాని బలాన్ని కంప్యూటరుపై పరీక్షిస్తున్నారు. దానిని వేలాది చిన్న భాగాలుగా విభజించి, పక్కనుండి, పైనుండి, వెనుకనుండి బలం ప్రయోగిస్తే ఏ అతుకు ఎంత వంగుతుందో లెక్కకడతారు. పిదప ఐ.ఎస్.ఓ. 3471 ప్రమాణం ప్రకారం నిజమైన చట్రాన్నే నొక్కి చూస్తారు. చట్రం అసలు వంగరాదని కాదు. వంగుతూ దెబ్బను తనలో ఇముడ్చుకోవలెను, కాని ఆపరేటరు కూర్చున్న చోటులోకి చొచ్చుకురారాదు.

ఈ లెక్కలన్నీ రెండు షరతులపై ఆధారపడి ఉన్నవి. మొదటిది, చట్రం చేసినది చేసినట్లే ఉండటం. ఫ్యానుకో, లైటుకో దానికి రంధ్రం చేసినా, వెల్డింగు పెట్టినా, వంగినదానిని సరిచేసి వాడినా ఆ లెక్క చెల్లదు. రెండవది, ఆపరేటరు సీటు బెల్టుతో తన చోటనే ఉండటం. బెల్టు లేనివాడు బయటకు విసరివేయబడి, తనను కాపాడవలసిన చట్రం క్రిందనే నలిగిపోవచ్చును.

డ్యూటీకి బయలుదేరేటప్పుడు "క్యారియరు తీసుకున్నారా?" అని అడిగే ఇంటివారు, "బెల్టు మరువకండి" అని కూడా ఒక మాట చెప్పవలెనని కోరుతున్నాము.