రెప్పపాటు దర్శనం

తిరుమల వెళ్లొచ్చిన వాళ్లను ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట, 'దర్శనం బాగా అయిందా?' ఎంతసేపు చూశారని ఎవరూ అడగరు. అక్కడ 'సేపు' అనేది ఉండదని అందరికీ తెలుసు. డెబ్బై వేల మంది రావడం ఆ కొండకు మామూలు రోజు. ఇరవై గంటలు దర్శనం సాగినా 72,000 సెకన్లే. లెక్కకు మనిషికి ఒక్క సెకను. వరసలు పక్కపక్కన కదులుతాయి కాబట్టి మరో రెండు మూడు క్షణాలు దక్కుతాయి.

గర్భాలయం గడపను కులశేఖర పడి అంటారు. స్వామిని నిత్యం చూస్తూ ఆ సన్నిధిలో మెట్టుగా పడి ఉన్నా చాలని కోరుకున్న ఆళ్వారు పేరు అది. ఒకప్పుడు సామాన్య భక్తులూ దాని దగ్గరదాకా వెళ్లేవారు. రద్దీ పెరిగాక లఘు దర్శనం, ఆపైన మహాలఘు దర్శనం వచ్చాయి. ఇప్పుడు చాలామంది బంగారు వాకిలి దగ్గర, జయవిజయుల ముందు నుంచే చూసి మళ్లాలి. లోపల కరెంటు వెలుగు లేదు, దీపాలే. బయటి వెలుతుర్లోంచి వచ్చిన కళ్లు ఆ మసకకు అలవాటు పడేలోపే వరస కదిలిపోతుంది. ఇక ఆ పెద్ద నామం స్వామి కళ్లను చాలావరకు కప్పేసి ఉంటుంది. గురువారం ఆభరణాలు సడలించి, నామం తగ్గించినప్పుడే నేత్ర దర్శనం.

చూసింది కొద్దిసేపే అన్న కొరత నాకెప్పుడూ లేదు. ఏళ్లు గడిచినా ఆ నల్లని రూపం కళ్లకు కట్టినట్టే ఉంటుంది. బాధ కలిగేది భక్తుల భుజం మీద పడే ఆలయ సిబ్బంది చెయ్యి చూసినప్పుడే. 'జరగండి, జరగండి' అనక తప్పదు. వరస ఆగితే వెనక చంటిబిడ్డలతో నిలబడ్డవాళ్లు నలిగిపోతారు. కానీ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముసలమ్మను రెక్క పట్టి పక్కకు లాగాలా? మాట చాలు, చెయ్యి వద్దు. గదమాయింపు అంతకన్నా వద్దు.

మనమూ ఒకటి చేయాలి. తీరా స్వామి ఎదుటికి వచ్చాక చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసేసుకుంటాం. తెరిచేసరికి ముందున్నవాళ్ల వీపు! మొక్కులూ కోరికలూ క్యూ కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న గంటల్లోనే చెప్పేసుకోండి. పిల్లల్ని బంగారు వాకిలి రాకముందే భుజానికెత్తుకోండి. అక్కడికి చేరాక కళ్లు తెరిచి ఉంచండి, అంతే.