ఫోటోకి మార్కులు లేవు, భయం మాత్రం ఉంది

నీట్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో రెండు భయాలు మొదలవుతాయి. ఫిజిక్స్ గురించి పిల్లకి, ఫోటో గురించి తల్లికి. మొదటి భయానికి కోచింగులున్నాయి, మెటీరియల్ ఉంది, మాక్ టెస్టులున్నాయి. రెండోదానికి ఏమీ లేదు. పైగా ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్విపోతారు. "ఫోటోకే ఇంత హైరానా ఏమిటే?" అని ఇంట్లో మగవాళ్లు పేపర్లో తల దూర్చేస్తారు. నేను మాత్రం ఇది చాదస్తం కాదంటాను. ఏడాదికి ఒక్కసారి వచ్చే పరీక్ష. రెండేళ్ల చదువు, దానికి తోడు కొందరికి లాంగ్ టర్మ్ మరో ఏడాది. ఇదంతా ఒక ఫోటో దగ్గర ఆగిపోతుందేమోనని తల్లి బెంగపడితే అందులో నవ్వడానికి ఏముంది?

ఇది ఆడవాళ్ల పేజీలో రాయాల్సిన సంగతేనా అని మీకు అనిపించవచ్చు. 2024లో నీట్‌కి పేరు నమోదు చేసుకున్నవాళ్లు 24 లక్షలకు పైనే. వాళ్లలో అమ్మాయిలు 13 లక్షలకు పైగా ఉన్నారు. అంటే సగం కన్నా ఎక్కువ మంది మన ఆడపిల్లలే.

అసలు నిబంధనలేమిటో చూద్దాం. 2024 సూచనల ప్రకారం ఫోటో వెనక తెల్లగా ఉండాలి. ముఖం 80 శాతం కనపడాలి, చెవులతో సహా. మాస్కు ఉండకూడదు. కంప్యూటర్లో ఎక్కించే పాస్‌పోర్ట్ సైజు ఫోటో 10 కేబీకి తగ్గకూడదు, 200 కేబీకి మించకూడదు. అది కాక నాలుగంగుళాలకు ఆరంగుళాల పోస్టుకార్డు సైజు ఫోటో ఒకటి. పరీక్ష రోజున మళ్లీ అవే ఫోటోలు వెంట తీసుకెళ్లాలి. చివర్లో ఒక మాట: ఫోటో స్పష్టంగా లేకపోతే దరఖాస్తు తిరస్కరించవచ్చు. తల్లుల నిద్ర చెడగొట్టేది ఆ ఆఖరి మాటే.

ఈ కట్టుబాట్లు ఎందుకొచ్చాయో నాకు తెలియక కాదు. ఒకరి బదులు మరొకరు పరీక్ష రాసే దొంగతనం మన దేశంలో చాలానే జరిగింది. 2013లో మధ్యప్రదేశ్‌లో వ్యాపం కుంభకోణం బయటపడినప్పుడు హాల్ టికెట్ల మీద ఫోటోలు మార్చి మెడికల్ ప్రవేశ పరీక్ష రాయించిన వైనం చూసి అందరం నోళ్లు వెళ్లబెట్టాం. 2019లో తమిళనాడులోని తేని ప్రభుత్వ వైద్య కళాశాలలో ఒక విద్యార్థి బదులు వేరేవాళ్లు నీట్ రాశారన్న కేసు బయటికొచ్చింది కూడా ఫోటో తేడా వల్లనే. దొంగ సీటు ఒకటి పోయిందంటే కష్టపడి చదివిన పిల్ల ఒకతెకి న్యాయం జరిగినట్టే. కాబట్టి ఫోటో అడగడం తప్పు కాదు. అడిగే తీరు గురించే నా గొడవంతా.

మా తెనాలిలో మేముండే వీధిలో ఈమధ్య ముగ్గురు ఆడపిల్లలు నీట్ రాశారు. అందులో ఒకతె మా అక్క కూతురు. మూడిళ్ల పాట్లూ దగ్గరుండి చూశాను. మొదటి చిక్కు ఆ 80 శాతం దగ్గరే. ముఖంలో 80 శాతం కనపడాలా, లేక ఫోటోలో 80 శాతం ముఖమే ఉండాలా? స్టూడియో అతను ఒకటి చెప్పాడు, నెట్ సెంటర్ అబ్బాయి ఇంకోటి చెప్పాడు, కోచింగ్‌లో మేడమ్ "రెండూ చూసుకోండి" అంది. ఒకే పిల్లకి మూడు సార్లు ఫోటో తీయించారు. రెండో చిక్కు చెవులు. జడ వెనక్కి లాగి కట్టుకుంటే కొందరికి సరిపోతుంది. తల మీద ముసుగు వేసుకునే ఇళ్లలో పిల్లకి అదంత తేలిక కాదు, దాని గురించి ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడవలసింది కూడా తల్లే.

అసలు వింత ఏమిటంటే, మావాళ్లు ఫారం నింపినప్పుడు ఫోటో ఎన్ని కేబీలుందో కంప్యూటర్ అప్పటికప్పుడు చెప్పింది. చెవులు సరిగ్గా కనపడుతున్నాయా, ముఖం సరిపోయిందా, వెనక తెలుపు తెలుపేనా అన్నది మాత్రం చెప్పలేదు. కేబీలు తప్పయితే నిమిషంలో దిద్దుకోవచ్చు. ముఖం తప్పయితే? ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, ఏమంటారు? ఆ జవాబు లేకపోవడమే భయానికి వేరు.

ఊళ్లో ఉండే తల్లికయితే గోరుచుట్టు మీద రోకటి పోటు. పిల్ల విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉంటుంది. ఫారం ఇక్కడ నెట్ సెంటర్లో నింపుతారు. ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, వచ్చేటప్పటికి మసకబారిపోతుంది. ఓటీపీ నాన్న ఫోనుకొస్తుంది, నాన్నేమో పొలంలో ఉంటాడు. ఇంతమందిని కూడగట్టి ఫారం పూర్తి చేసిన ఆ తల్లిని "ఫోటోకి ఇంత హైరానా ఏమిటే" అనడం ఎంత సులువు!

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇలా ఉంటే సరైన ఫోటో, ఇలా ఉంటే కాదు అని పక్కపక్కన బొమ్మలు వేసి చూపించాలి. ఎక్కించిన ఫోటో బాగుందో లేదో రెండు మూడు రోజుల్లో ఫోనుకి కబురు పంపాలి. బాగాలేదంటే ఎందుకు బాగాలేదో చెప్పి, మార్చుకోవడానికి గడువివ్వాలి. దిద్దుకునే అవకాశం ఇవ్వకుండా ఫోటో పేరుతో ఏ దరఖాస్తూ తిరస్కరించకూడదు. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచి తెలుగులో ఇస్తున్నారు కదా, ఆ ఫోటో సూచనల్ని కూడా ఒక్క పేజీలో తెలుగులో అచ్చు వేసి ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద అంటిస్తే ఎంత ఖర్చవుతుంది? దొంగని పట్టుకోవడానికి పెట్టిన వల దొరని భయపెట్టకూడదు.

ఇక మన వంతు సంగతి. స్టూడియోలో ఒక మాట వినపడుతూ ఉంటుంది చూడండి, "పాప ముఖం కాస్త తెల్లగా చేసేదా అమ్మా?" అని. మా అక్క కూతురినీ అడిగారు. చిన్న మచ్చ తీసేస్తానన్నారు, బుగ్గలు నునుపు చేస్తానన్నారు. మా రోజుల్లో చాలా ఇళ్లలో ఆడపిల్ల స్టూడియోకి వెళ్లిందంటే పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో కోసమే. రంగు, కళ్లు, జడ పొడవు చూసి ఎవరో మార్కులేసే ఫోటో అది. ఇప్పుడు తీయించే ఈ ఫోటో అలాంటిది కాదు. అందంగా ఉందా అని ఎవరూ అడగరు. ఈ కుర్చీలో కూర్చున్న పిల్ల, దరఖాస్తు చేసిన పిల్ల ఒకరేనా అన్నదే ప్రశ్న. మచ్చ తీసేస్తే పోయేది మచ్చ కాదు, గుర్తు. ఆడపిల్ల ముఖాన్ని ఉన్నదున్నట్టుగా అడిగే ఫోటో మన ఇళ్లలోకి ఇన్నాళ్లకి వచ్చింది. దాన్ని కూడా తెల్లబరుస్తామా?

అందుకని తల్లులకు నా సలహా ఇంతే. నిబంధనలు ఏటా కొంచెం కొంచెం మారుతుంటాయి, కాబట్టి పోయినేడు పక్కింటావిడ చెప్పింది కాకుండా ఆ ఏటి సూచనలే చదివించుకోండి. దరఖాస్తులు మొదలుకాక ముందే, పగటి వెలుతురులో, తెల్ల గోడ ముందు ఫోటో తీయించండి. పిల్ల రోజూ కళ్లజోడు పెట్టుకునేదయితేనే పెట్టుకోనివ్వండి. అదే ఫోటోకి ఎనిమిది పాస్‌పోర్ట్ సైజువి, నాలుగైదు పోస్టుకార్డు సైజువి కడిగించి ఒక కవర్లో పెట్టండి, కౌన్సెలింగ్ దాకా పనికొస్తాయి. ఫైలు రెండు ఫోన్లలో దాచండి. ఇవన్నీ అయ్యాక పిల్లని ఫోటో గురించి ఇంకో మాట అడగకండి. దాని బుర్రలో ఫిజిక్స్‌కే చోటు చాలడం లేదు.

ఇంట్లో మగవాళ్లకు కూడా ఒక మాట. ఈసారి ఆ పేపరు కాసేపు పక్కన పెట్టి, స్టూడియోకి మీరు తీసుకెళ్లండి. చెవులు కనపడుతున్నాయో లేదో మీరే చూడండి. సగం భయం పంచుకుంటే సగం తగ్గుతుంది. ఏమంటారు?