ఇంటిని చూసి చక్రాలు మర్చిపోయాం

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్ళకి ఈ మధ్య పట్టుకున్న కొత్త పిచ్చి ఆర్వీ. అదేనండీ, మోటార్‌హోమ్. వంటగది, పడగ్గది, బాత్రూము అన్నీ ఉన్న ఇంటిని చక్రాల మీద పెట్టి నడుపుకుంటూ పోవడం. అమ్మానాన్నలు ఇండియా నించి వస్తే చాలు, నలుగురు కలిసి ఒకటి అద్దెకి తీసుకోవడం, గ్రాండ్ కాన్యనో ఎల్లోస్టోనో వెళ్ళి రావడం. హోటలు తిండి తినాల్సిన పని లేదు, బాత్రూముల కోసం వెతుక్కోనక్కర్లేదు, రైస్ కుక్కరు మనతోనే ఉంటుంది. ఇంకేం కావాలి?

2024 మే నెలలో మేమూ అదే చేశాం. మొత్తం ఏడుగురం. శాన్ హోజే నించి గ్రాండ్ కాన్యన్. ముందు రోజు సాయంత్రం బండి తీసుకున్నప్పుడు యజమాని దాదాపు నలభై నిమిషాలు అన్నీ చూపించాడు. స్టవ్ ఎలా వెలిగించాలి, మంచం ఎలా విప్పాలి, మురుగునీళ్ళ ట్యాంకు ఎలా ఖాళీ చెయ్యాలి (దీనికే పదిహేను నిమిషాలు పట్టింది). నేను ఫోనులో వీడియో కూడా తీసుకున్నా. అంతా అయ్యాక సంతకం పెట్టాను. ఆ నలభై నిమిషాల్లో మేమిద్దరం ఒక్క టైరు వంక కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి, ఐ-5 మీద బేకర్స్‌ఫీల్డ్ ఇంకా రాకముందు ఒక ట్రక్కుల బంకులో ఆగాం. అందరూ కాఫీల కోసం లోపలికెళ్ళారు. నాన్న మాత్రం బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఎక్కడ దొరికిందో ఒక చిన్న ఇనుప రాడ్డు పట్టుకుని ఒక్కో టైరునీ కొట్టి చూస్తున్నాడు. మన వైపు లారీ ఆగగానే క్లీనరు దిగి కొడతాడు చూడండీ, అచ్చం అలాగే. నాకు కొంచెం సిగ్గనిపించింది కూడా. చుట్టూ జనం చూస్తున్నారు.

"నాన్నా, ఇక్కడ అలాంటివి అక్కర్లేదు. ఏదన్నా తేడా వస్తే బండే చెప్తుంది" అన్నాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. ఎడమవైపు వెనక చక్రాల దగ్గర కూచుని మళ్ళీ ఒకసారి కొట్టాడు. "ఒరే, ఇటు రా. లోపలి దాంట్లో గాలి లేదురా" అన్నాడు.

నిజంగానే లేదు. వెనక ఇరుసుకి ఒక్కో పక్క రెండేసి టైర్లుంటాయి కదా, అందులో లోపలిది చప్పబడి ఉంది. బయటి టైరు అడ్డంగా ఉండడం వల్ల మామూలుగా చూస్తే కనపడదు. నడిపేటప్పుడు నాకు తేడా తెలియనే లేదు. డాష్‌బోర్డు మీద ఒక్క లైటు వెలగలేదు.

ఎందుకు వెలగలేదా అని తర్వాత చదివితే తెలిసిన సంగతి చూసి నాకు మతిపోయింది. 2000లో ఫైర్‌స్టోన్ టైర్ల గొడవ (అరవై అయిదు లక్షల టైర్లు వెనక్కి పిలిచారు) తర్వాత అమెరికా చట్టం చేసి, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్ తప్పనిసరి చేసింది. 2008 మోడల్ నించి ప్రతి కొత్త కారులో అది ఉంటుంది. కానీ ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 138 అనే ఆ నిబంధన 10,000 పౌన్ల లోపు బండ్లకే వర్తిస్తుంది. దాంట్లోనూ ఇరుసుకి జంట టైర్లున్న బండ్లకి మినహాయింపు. అద్దెకి దొరికే మోటార్‌హోముల్లో చాలావరకు ఫోర్డ్ ఈ-450 లాంటి చాసిస్ మీద కట్టినవి. దాని పూర్తి బరువు హద్దు 14,500 పౌన్లు, వెనక జంట టైర్లు. అంటే రెండు లెక్కల్లోనూ చట్టం బయటే. ఆఫీసుకి నేనొక్కణ్ణే పోయే కారుకి సెన్సార్లుండాలి, ఏడుగురు కూచున్న ఇంటికి అక్కర్లేదు! పైగా చాలా రాష్ట్రాల్లో దీన్ని నడపడానికి మామూలు కారు లైసెన్సే చాలు. కొందరు యజమానులు సొంతంగా సెన్సార్లు బిగించుకుంటారు. మా బండికి లేవు. నేనేమో ఉన్నాయనే అనుకున్నా.

లోపలి టైరు పోతే ఏమవుతుందో లెక్కేసి చూడండి. తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులు తూచే కాటా మీద తూయించాను. మా వెనక ఇరుసు మీద బరువు 8,940 పౌన్లు. నాలుగు టైర్లకి పంచితే ఒక్కోదానికి 2,235. ఆ బండికుండే ఎల్‌టీ225/75ఆర్16 టైరు జంటలో ఉన్నప్పుడు 80 పీఎస్ఐ గాలితో మొయ్యగలిగేది 2,470 పౌన్లు. అంటే అన్నీ బాగుంటే సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు ఒకటి పోయింది. పక్కది మోయాల్సింది దాదాపు 4,470. ఒంటరిగా ఉన్నా దాని హద్దు 2,680. అంత బరువుతో, అరవై మైళ్ళ వేగంతో, మే నెల ఎండలో మొహావీ ఎడారిలోకి పోబోతున్నాం మేము. వెనక మంచం మీద అమ్మా, మా స్నేహితుడి రెండేళ్ళ కూతురూ నిద్రపోతున్నారు.

రోడ్డు మీద సాయం చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే మూడు గంటలకొచ్చారు. స్టెప్నీ లేదు (చాలా మోటార్‌హోముల్లో ఉండదట). వచ్చినతను విప్పి చూపించాడు. లోపలి టైరు వాల్వుకి తగిలించిన పొడుగు గొట్టం దగ్గర వదులై గాలి కారిపోయింది. టైరు మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగూ 3114. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2014లో 31వ వారంలో తయారైంది. దాదాపు పదేళ్ళ టైరు! పైన గాళ్ళు మాత్రం కొత్తదానిలా లోతుగా ఉన్నాయి. యజమానికి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు, "గాళ్ళు ఇంకా బోలెడు ఉన్నాయి కదా" అని.

ఇక్కడే మనందరం పప్పులో కాలేస్తాం. కారు టైరు అరిగి పోతుంది, మోటార్‌హోమ్ టైరు ముసలిదై పోతుంది. ఏడాదికి నాలుగు ప్రయాణాలు చేసి మిగతా రోజులన్నీ ఎండలో నిలబడే బండి ఇది. అరిగేంత తిరగదు. కానీ ఎండకీ, గాలిలోని ఆక్సిజన్‌కీ రబ్బరు లోపల గట్టిపడి పెళుసెక్కుతూనే ఉంటుంది. అందుకే మిషెలిన్ వాళ్ళు అయిదేళ్ళు దాటితే ఏటా నిపుణుడికి చూపించమనీ, పదేళ్ళకి ఎలా ఉన్నా తీసి పారెయ్యమనీ చెప్తారు. ఆరేళ్ళకే మార్చమనే కంపెనీలూ ఉన్నాయి. నన్నడిగితే అద్దె బండికి ఆరే హద్దు. మైలేజీ చూసి మురిసిపోకండి, తారీఖు చూడండి.

టైరంటూ ఉంటే చాలదు, ఆ బండికి తగినదీ కావాలి. గుడ్‌ఇయర్ జీ159 అనే టైరు సంగతి ఉంది. ఊళ్ళల్లో తిరిగే డెలివరీ బండ్ల కోసం చేసిన టైరుని పెద్ద మోటార్‌హోములకి వేసి హైవేల మీద తిప్పారు. ప్రమాదాలు జరిగాయి, ఏళ్ళ తరబడి కోర్టు కేసులు నడిచాయి. 1996-2003 మధ్య తయారైన ఆ టైర్లని చివరికి 2022 జూన్‌లో ప్రభుత్వ ఒత్తిడి మీద వెనక్కి పిలిచారు, లక్షా డెబ్భై మూడు వేల పైచిలుకు. టైరులో లోపం లేదనీ, గాలి తక్కువ, బరువు ఎక్కువ అయితేనే పోయిందనీ కంపెనీ వాదన. ఎవరి వాదన నిజమైనా మనకి పాఠం ఒక్కటే: గాలి, బరువు, వేడి, వేగం కలిసే టైరుని చంపుతాయి.

బరువంటే గుర్తొచ్చింది. ఇరవై కిలోల బియ్యం, రెండు కుక్కర్లు, మూడు పచ్చళ్ళ జాడీలు సరే, నలభై గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు నిండా పడితే ఒక్కటే 330 పౌన్లు! దారిలో నీళ్ళు దొరికే చోటికి పోతూ ట్యాంకు నింపుకుని బయల్దేరడం ఎందుకు?

గాలి గురించి ఇంకో మాట. ఎప్పుడు కొలిచినా పొద్దున్నే, బండి కదలక ముందు కొలవాలి. ఇంటర్లో చదువుకున్న గ్యాస్ లా గుర్తుందా? కారు టైరులో పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్ఐ మారుతుందంటారు. 80 పీఎస్ఐ టైరులో అది దాదాపు రెండు. పొద్దున 60 డిగ్రీల్లో 80 పెడితే, మధ్యాహ్నం 105 డిగ్రీల ఎండలో ఊరికే నిలబడినా 88 చూపిస్తుంది. నడిస్తే ఇంకా ఎక్కువ. అది చూసి కంగారుపడి గాలి తీసేశారో, రాత్రికి చల్లబడ్డాక తక్కువైపోతుంది. వేడి టైరులో గాలి తియ్యొద్దు.

అలాగని నాన్న రాడ్డే గొప్పదని నేననను. కొట్టి చూస్తే పూర్తిగా పోయినది తెలుస్తుంది గానీ 80 ఉందో 60 ఉందో ఆయనకీ తెలీదు. ఆయనే అన్నాడు, "ఇది గేజి లేనోడి పనిరా" అని. ఇరవై డాలర్లకి గేజి దొరుకుతుంది. ఇప్పుడు నా బ్యాగులో ఒకటుంది.

ఇక ఇంజను. ఇదీ టైరు లాంటి కథే. తిరిగి పాడయ్యేదానికన్నా నిలబడి పాడయ్యేది ఎక్కువ. ఆయిలు మైళ్ళు కాకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. పెట్రోల్లో కలిపే పది శాతం ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలలు నిలబెట్టేట్టయితే ట్యాంకులో స్టెబిలైజర్ పొయ్యాలి. బెల్టులు, రబ్బరు గొట్టాలు పగిలాయేమో చూడాలి, కూలెంట్ చూడాలి (ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తియ్యండి బాబూ). బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి, అదీ చూడాలి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా తేమని పీలుస్తుంది. అలా పీల్చిన ఫ్లూయిడ్ దిగుడు రోడ్డులో వేడికి ఆవిరైతే పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు.

టెహాచపీ కొండలు దాటాక దిగేటప్పుడు నేను బ్రేకు మీద కాలేసి కూచుంటే నాన్న అన్నమాట: "ఎక్కిన గేరులోనే దిగాలిరా." మన ఘాట్ రోడ్డు డ్రైవర్లందరికీ తెలిసిన సూత్రం. ఆటోమేటిక్ బండి కదా అని నేను నవ్వబోయాను. తీరా చూస్తే టో-హాల్ అని బటన్ ఉంది. అది నొక్కితే బండే కింది గేరులోకి దిగి ఇంజనుతో వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆ బటన్ ఎందుకో నలభై నిమిషాల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఇవన్నీ యజమాని పని, డబ్బులిచ్చి తీసుకున్నవాడికెందుకు?" అని మా స్నేహితుడొకడు వాదించాడు. నిజమే, పని యజమానిదే. తప్పు కూడా ఆయనదే అనుకుందాం. కానీ టైరు పేలినప్పుడు బండిలో ఉండేది ఆయన కాదు కదా. ఆఫీసులో వేరేవాడు రాసిన కోడ్ రివ్యూ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టం. మరి ఏడు ప్రాణాలెక్కించే బండిని ఎవరో "అంతా ఓకే" అన్నారని ఎలా తీసుకున్నాను?

అందుకే నేనిప్పుడు చేసేదీ, మిమ్మల్ని చెయ్యమనేదీ ఇంతే. సంతకం పెట్టకముందు ఆరు టైర్ల తారీఖులూ చూడండి, టార్చి వేసి లోపలివి కూడా. ఆరేళ్ళు దాటితే వేరే బండి అడగండి. గేజితో ఆరూ కొలవండి, తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న అంకెతో పోల్చండి. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి. దారిలో చక్రం విప్పి బిగిస్తే యాభై నించి వంద మైళ్ళ లోపు నట్లు మళ్ళీ సరైన బిగువుకి బిగించండి. ఆయిలు, కూలెంట్ చూడండి. అన్నీ కలిపి పదిహేను నిమిషాలు. మురుగు ట్యాంకుకి పట్టినంత సమయమే :)

ఇంత చేసినా ఒకవేళ టైరు పేలితే గభాల్న బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా ఉంచి, దానంతటది నెమ్మదించాక పక్కకి తియ్యండి.

నాన్న తిరిగి ఇండియా వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్లో మేము మళ్ళీ యోసెమిటీ వెళ్తున్నామంటే ఎన్ని రోజులు, ఎవరెవరు అని అడగలేదు. "లోపలివి చూశావా?" అన్నాడు. చూశానన్నాను. నిజంగానే చూశాను.

మరి మీరు క్రితంసారి తీసుకున్న బండి టైర్లు ఏ ఏడాదివో మీకు తెలుసా?