గాడిద చేలోకెందుకు దిగింది?

బిలాము గాడిదనెక్కి మోయాబు అధిపతులతో బయలుదేరాడు. దారిలో ఖడ్గం దూసి నిలబడ్డ దేవదూత గాడిదకు కనిపించాడు కానీ, దాని మీద కూర్చున్న బిలాముకు కనిపించలేదు. ఆ మూగజీవం దారి వదిలి చేలోకి దిగింది. ఎందుకు దిగిందో బిలాము ఆలోచించలేదు, కొట్టాడు. అలా మూడుసార్లు కొట్టాడు. చివరికి దేవుడే ఆ గాడిద నోరు తెరవాల్సి వచ్చింది. ముందున్న దారి మూసుకుపోవడం వల్లే అది పక్కకు తప్పుకుందని బిలాముకు ఆలస్యంగా అర్థమైంది.

చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో ఏనుగులు పొలాల మీద పడ్డాయన్న వార్త చదివినప్పుడల్లా మనకు ఈ గాడిద గుర్తుకు రావాలి. దాదాపు రెండు వందల ఏళ్లు ఏనుగుల జాడే లేని ఈ నేలకు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి అవి తరలివచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అయితే ఎదిగిన ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైగా మేత, నూరు లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఒకేచోట ఉంటే దాని కడుపు నిండదు. తిరగడమే దాని బతుకు. అది తిరిగే దారుల్లో మనం రోడ్లు వేసుకున్నాం, తోటలు పెంచుకున్నాం, కంచెలు కట్టుకున్నాం. ఇప్పుడు అది చేలోకి దిగితే, దారి తప్పిందని దాన్నే నిందిస్తున్నాం.

అలాగని రైతు కన్నీళ్లు తక్కువవి కావు. అప్పు చేసి వేసిన అరటి, చెరకు ఒక్క రాత్రిలో నేలమట్టమైతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? 2025 ఫిబ్రవరిలో ఓబులవారిపల్లె మండలంలో అడవిదారిన నడిచి వెళ్తున్న ముగ్గురు భక్తులను ఏనుగులు తొక్కి చంపాయి. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌కు బలయ్యాయి. ఇద్దరి మధ్యా దారి లేకుండా పోవడం వల్ల ఇటు మనిషీ, అటు ఏనుగూ చనిపోతున్నారు.

2025 మే 21న కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పొలాల్లోకి వచ్చిన ఏనుగులను తిరిగి అడవిలోకి మళ్లించడానికి తర్ఫీదు పొందినవివి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది. ఇది మంచి ప్రయత్నమే. కానీ కుంకీలు ఈ రాత్రి గండాన్ని గట్టెక్కించగలవు తప్ప, అడవిలో మేత మొలిపించలేవు, నీటికుంట తవ్వలేవు. ఆకలి తీరని ఏనుగు రేపు మళ్లీ వస్తుంది.

మరొక్క మాట. కుంకీలు కూడా ఏనుగులే. స్వేచ్ఛ పోగొట్టుకుని మనకోసం చాకిరీ చేస్తున్న జీవాలవి. విశ్రాంతిదినాన్ని నియమించినప్పుడు దేవుడు యజమానినీ, దాసుణ్ణీ తలచుకుని ఊరుకోలేదు, పశువుకూ ఆ విశ్రాంతిలో వాటా ఇచ్చాడు. పని ముగిశాక కుంకీకి అడవిలో మేసే వేళ, నీళ్లలో మునిగే వేళ, పాదాలు పరీక్షించే వైద్యుడు, ప్రేమించే మావటి ఉండాలి. మదం వేళ దానిచేత పని చేయించకూడదు. రోజంతా గొలుసుతో కట్టేసి, పని పడ్డప్పుడు మాత్రం విప్పడం దేవుని మనసుకు తగిన పద్ధతి కాదు.

ఒకరి పశువు మరొకరి చేను మేస్తే, తన చేలోని శ్రేష్ఠమైన పంటతో ఆ నష్టం తీర్చాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. మరి అడవి ఏనుగు మేసిన పంటకు ఎవరు జవాబుదారీ? ఏనుగును చంపరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ద్వారా నిర్ణయించుకున్నది దేశమంతా. అది సరైన నిర్ణయం. అయితే దాని ఖరీదును అడవి అంచున ఉన్న చిన్నరైతు ఒక్కడే చెల్లించడం న్యాయం కాదు. పరిహారం ఆలస్యమైతే, కడుపు మండిన ఆ రైతే కంచెకు కరెంటు తీగ తగిలిస్తాడు. ఆ తీగ ఏనుగునే కాదు, పక్కపొలం రైతునూ చంపుతుంది.

అడవి అంచు ఊళ్లలోని మన సంఘాలు ఇక్కడ చేయగల పనుంది. పంట పోయిన రైతు ఏ మతంవాడైనా సరే, అతని పరిహారం అర్జీ మనం రాసిపెట్టాలి, కార్యాలయానికి తోడు వెళ్లాలి. కరెంటు తీగ పెట్టవద్దని విశ్వాసులకు చెప్పాలి.

బిలాము చివరికి తన తప్పు తెలుసుకుని దూత ఎదుట ఒప్పుకున్నాడు. కర్ర ఎత్తేముందు మనమూ ఒక్క క్షణం ఆగి, దారి ఎవరు మూశారని అడుగుదాం!