జుట్టు రాలితే కంచం వంక చూడండి

గోదావరిఖని, రామగుండం, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లకు జుట్టు రాలితే మొదట నింద పడేది నీళ్ల మీద, తరువాత బొగ్గు దుమ్ము మీద. ఆ పైన నూనె మారుస్తారు, షాంపూ మారుస్తారు. ఆ పిల్ల కడుపు నిండా తింటున్నదా అని చూసేవారు మాత్రం అరుదు.

వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున జుట్టు మళ్లీ వస్తుంది. గుండు కొట్టించినా కుదుళ్లు చెడవు గనుక. ఆ కుదుళ్లకు మాంసకృత్తులు, ఇనుము, జింకు కావాలి. అవి తిండి ద్వారానే అందాలి. తిండి చాలనప్పుడు శరీరం ఉన్న కాస్త బలాన్ని గుండెకు, మెదడుకు దాచుకొని జుట్టు పెంచడం తగ్గిస్తుంది. అయితే జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలల తరువాత దువ్వెనకు కుచ్చులుగా వస్తుంది. అప్పటికి తిండి తగ్గిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన ఇళ్లలో తిండి తగ్గడానికి రెండు దారులున్నాయి. మొదటిది పాతదే. మొదటి షిఫ్టుకు వెళ్లే భర్తకు తెల్లవారుజామునే టిఫిన్ డబ్బా కట్టి, పిల్లలను బడికి పంపి, మిగిలినదేదో తినే ఇల్లాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

రెండవది సన్నబడాలని తిండి మానడం. కొందరిలో ఇది జబ్బుగా ముదురుతుంది. ఎముకలు తేలినా లావుగానే ఉన్నామనుకుంటారు. కొందరు తిన్నది చాటుగా కక్కేస్తారు. నెలసరి ఆగుతుంది, కళ్లు తిరుగుతాయి, ఎండాకాలంలోనూ చలి అంటారు. డాక్టర్లు వీటిని అనొరెక్సియా, బులీమియా అంటారు. మగపిల్లలకూ రావచ్చు. ముదిరితే గుండె దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఇది పొగరు కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు.

1944-45లో అమెరికాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టి పరిశీలించారు. జుట్టు పలచబడటమే కాదు, దిగులు పట్టుకుంది, ఆలోచనలన్నీ తిండి చుట్టే తిరిగాయి. కడుపు మాడితే మనసూ చెడుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

కాబట్టి తిట్టడం, బలవంతంగా నోట్లో కుక్కడం మానాలి. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. జ్వరం, కాన్పు తరువాత కూడా జుట్టు రాలుతుంది గనుక కారణం డాక్టరే తేల్చాలి. అవసరమైతే మానసిక వైద్యునికి చూపించడానికి సిగ్గుపడరాదు. చాలాకాలం తినని పిల్లకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం కూడా ప్రమాదమే. తిండి కుదుటపడితే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది.

షిఫ్టుల ఇళ్లలో అందరూ కలిసి తినే పూట దొరకడం కష్టమే. అయినా రోజుకు ఒక్క పూట తల్లీబిడ్డలు కలిసి కూర్చోవాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు ఇద్దరి కంచాల్లోనూ పడాలి. నూనె సీసా కొనే ముందు చేయవలసిన పని ఇది.