పాట పాడించువాడెవడు?

వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులోనో, ఖమ్మము మిర్చి యార్డులోనో ప్రాతఃకాలమున మార్కెట్ కమిటీ వారి సమక్షమున వ్యాపారులందరును గుమిగూడి, మేలైన యొక రాశిని ఎదుట పెట్టుకొని, నలుగురును వినునట్లుగా పాడెడి తొలిపాటకు జెండా పాట యని పేరు. ఆ పాటలో పలికిన ధర మరునాడు పత్రికలలో అచ్చుపడును. కల్లములో మిర్చి ఆరబోసికొనియున్న రైతు ఆ యంకెను చూచి, తీర్చవలసిన అప్పును తలచుకొని, బస్తాలను ట్రాక్టరుమీదికి ఎత్తించును. తీరా యార్డునకు వచ్చి, రాత్రియెల్ల బస్తాల ప్రక్కనే పండుకొని కాచికొనిన పిమ్మట, ఖరీదుదారు వచ్చి సంచిలో చేయిపెట్టి నాలుగు కాయలు తీసి విరిచి, తేమ యున్నదనియు, తాలు కలిసినదనియు, రంగు తగ్గినదనియు చెప్పి పలుకు ధరకును, జెండా ధరకును నడుమ క్వింటాలునకు వేల రూపాయల యంతరము తరచుగా కానవచ్చుచున్నది.

ఈ యంతరమంతయు మోసమే యని నేననను. సరుకులో తరతమభేదములు కలవు. తేజ రకపు ఎఱ్ఱకాయకును తాలుకాయకును ఒకే ధర రాదు. అయినను జెండా పాటను యార్డంతయు వినును, తన బస్తాల పాటను మువ్వురు మాత్రమే విందురనుట రైతు హృదయమున నాటుకొనిన శల్యము. ఆ మువ్వురిలో కొనువాడొకడు, అమ్ముకొనువాడొకడు, నడుమనున్నవాడు అడ్తిదారు. గుంటూరు వైపున కమీషన్ ఏజెంటన్నను అతడే. విత్తనములకును, ఎరువులకును రైతునకు ముందుగా పెట్టుబడి యిచ్చి, పంట తన అడ్తిలోనే అమ్మునట్లు కట్టడి చేసికొన్నవాడు పెక్కుచోట్ల అతడే. కొనువానికి అరువు పెట్టి, ఏడాది పొడుగునను వానితోడనే వ్యాపారము సాగింపవలసినవాడును అతడే. ఏడాదికి ఒకటి రెండు మారులు వచ్చు రైతు పక్షమున నిలిచి, దినదినమును ఎదుటపడు ఖరీదుదారుతో ధరకై పెనుగులాడుమని ఇట్టివానిని కోరుట మానవస్వభావమునకు మించిన భారమును అతని నెత్తిన మోపుటయే. 2017 ఏప్రిల్ నెలలో ధరలు కూలిపోయినప్పుడు ఖమ్మము యార్డులో రైతుల సహనము తెగి విధ్వంసము జరిగినది. తరువాత కొందరు రైతులను సంకెళ్ళు వేసి న్యాయస్థానమునకు తెచ్చిన దృశ్యమును రాష్ట్రమంతయు చూచినది. ఆ సంకెళ్ళకు పిమ్మట సస్పెన్షన్లు వచ్చినవి గాని, పాటను పాడించు పద్ధతిని గూర్చిన విచారణ మాత్రము రాలేదు.

వేలమును గూర్చి మనకు శాసనము లేకపోలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టమున 64వ సెక్షను కేవలము వేలమునకే కేటాయింపబడినది. సుత్తి పడినప్పుడుగాని, ఆచారసిద్ధమైన మరియొక రీతిని ప్రకటించినప్పుడుగాని విక్రయము పూర్తియగుననియు, అంతవరకు పాడినవాడు తన పాటను వెనుకకు తీసికొనవచ్చుననియు, అమ్మువాడు ముందుగా చెప్పక తానే పాట పాడుట చెల్లదనియు, ధరను పెంచుటకై దొంగపాట పాడించినచో కొన్నవాడు ఆ బేరమును రద్దు చేసికొనవచ్చుననియు ఆ సెక్షను విధించుచున్నది. చదువరి ఇచ్చట ఒక్కింత నిలిచి చూడవలెను. ఈ విధులన్నియు ఎవని రక్షణకై పుట్టినవి? అమ్మువాడు ధర పెంచి మోసగించునేమో యని కొనువానిని కాపాడుటకే గదా. కొనువారందరును ముందుగా కూడబలుకుకొని, ఒకడు పాడగా తక్కినవారు మౌనము వహించి, ధరను అణచివేసినచో అమ్మువాని గతి యేమియన్న ప్రశ్నకు ఆ సెక్షనులో సమాధానము లేదు. ఇంగ్లండులో ఈ లోపమును 1927లోనే గుర్తించి, పాట పాడకుండుటకు వర్తకులు ఒకరికొకరు ప్రతిఫలమిచ్చుకొనుటను నేరముగా చేసి, ఆ చట్టపు ప్రతిని వేలశాలలో అందరికిని కనబడునట్లు అంటింపవలెనని ఆదేశించిరి. మన దేశమున 2002 నాటి కాంపిటీషన్ చట్టము కుమ్మక్కు పాటలను నిషేధించినది గాని, పది బస్తాల రైతు ఢిల్లీలోని కమిషనును ఆశ్రయించుట యెట్లు?

వేలము పాడించువానికి ప్రభుత్వ లైసెన్సు అను పద్ధతియు క్రొత్తది కాదు. 1845 నాటి ఆంగ్లచట్టము వేలము వేయువాడు ఏటేట పది పౌన్ల లైసెన్సు తీసికొనవలెననియు, పాట ఆరంభించుటకు ముందు తన పూర్తి పేరును, నివాసమును పెద్ద యక్షరములతో అచ్చట ప్రదర్శింపవలెననియు శాసించినది. పది పౌన్లు ఖజానాకు వచ్చు రాబడి మాత్రమే. పేరును, చిరునామాను గోడకు అంటించుమన్న విధి యందే అసలు ప్రయోజనము కలదని నా నిశ్చితాభిప్రాయము. మన యార్డులలో అడ్తిదారునకు లైసెన్సు కలదు, ఖరీదుదారునకు కలదు, తూకము వేయు దడువాయికి కలదు, బస్తా మోయు హమాలీకిని కలదు. ధరను పలికించు పనికై మాత్రము వేరుగా యోగ్యతను విచారించి, పూచీ తీసికొని, తప్పునకు ఫలానివాడు ఉత్తరవాదియని నిర్ణయించు ఆచారము వేరూనలేదు.

పూర్వము బేరగాండ్రు చేతిగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని, ఎదుటనున్న రైతునకు తెలియకుండ అతని సరుకునకే ధర కట్టెడివారు. ఇట్టి దురాచారములను మాన్పుటకే 1928లో రాయల్ వ్యవసాయ సంఘము నియంత్రిత విపణులను స్థాపింపుమని చెప్పినది. 1930లో హైదరాబాదు రాజ్యమునను, 1933లో మద్రాసు రాష్ట్రమునను చట్టములు వెలసినవి. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినది. గుడ్డ తొలగినది. సెల్‌ఫోనులో ముందుగా జరుగు సంప్రదింపునకు గుడ్డతో పనియే లేదు. 2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రములలోని 21 మార్కెట్లతో ఆరంభమైన ఈ-నామ్ అను జాతీయ ఎలక్ట్రానిక్ విపణి పద్ధతిలో ఎవని ధర వాడు యంత్రములో నమోదు చేయును; కొనువారు పదిమందే యైనచో ఆ పదిమందియు మాట్లాడుకొనుటను యంత్రము అడ్డగింపజాలదు గాని, ఎవడు ఎంత పాడెనో తెలుపు జాడ మాత్రము చెరగకుండ నిలుచును. అది స్వల్పలాభము కాదు.

వేరొక మార్గము మన కన్నులయెదుటనే యున్నది. 1975 నాటి చట్టము ననుసరించి 1976 జనవరి 1న ఏర్పడి, గుంటూరు కేంద్రముగా పనిచేయుచున్న పొగాకు బోర్డు, వేలము వేయు కార్యమును చట్టప్రకారము తానే వహించినది. 1984లో కర్ణాటకమునందు, మరుసటి సంవత్సరము మన ప్రాంతమునందు ఈ వేలము లారంభమైనవి. అంతకుముందు రైతు పొగాకును వ్యాపారి గొడౌనునకు చేర్చి, గ్రేడు అతడు చెప్పినదే గ్రేడుగా, ధర అతడు వేసినదే ధరగా, సొమ్ము అతడిచ్చినప్పుడే సొమ్ముగా ఒప్పుకొనవలసి వచ్చెడిది. నేడు ఒంగోలు, టంగుటూరు, కొండపి, జంగారెడ్డిగూడెము కేంద్రములలో ప్రతి బేలునకు సంఖ్య యుండును. తూకము బోర్డు ఎదుట జరుగును. ధర రైతునకు అచ్చటనే తెలియును. సొమ్ము బ్యాంకు ఖాతాలో చేరును. పాట పాడించు అధికారికి కొనువానితో అరువుబంధము లేదు, రైతునకు అప్పు పెట్టిన బంధమును లేదు. ఇట్లని అక్కడ కష్టములే లేవని చెప్పినచో అసత్యమగును. 2015లో ధరలు పడిపోయినప్పుడు ప్రకాశము జిల్లాలో రైతులు ప్రాణములు తీసికొనిరి. 'నో బిడ్' యని త్రోసివేయబడిన బేళ్ళను తిరిగి ఇంటికి మోసికొనిపోవు దుఃఖము నేటికిని కలదు. కొనువాడే లేనిచో ఎంతటి నిష్పక్షపాతియు ధరను సృష్టింపజాలడు. అయినను ఈ వేలపు గొడుగు క్రిందికి రాని బర్లీ పొగాకు రైతులు 2025లో పడిన పాట్లను, కంపెనీలు వెనుకంజ వేయగా ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసివచ్చిన స్థితిని చూచినవారికి ఆ గొడుగు విలువ తెలియును.

లైసెన్సే లేకుండినచో పోటీ పెరుగునని వాదించువారు కలరు. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించి, రైతుల మహోద్యమము పిమ్మట 2021 నవంబరులో రద్దుచేసిన చట్టము ఆ తలంపుతోనే యార్డు వెలుపల పాన్ కార్డు కలవాడెల్ల కొనవచ్చునన్నది. వారి ఆక్షేపణలో సత్యాంశము లేకపోలేదు; లైసెన్సులు కొలదిమంది చేతిలో వంశపారంపర్యముగా నిలిచిన యార్డులలో అవియే కుమ్మక్కునకు కోటగోడలైనవి. కాని దానికి మందు క్రొత్తవారికి లైసెన్సులను ధారాళముగా ఇచ్చుటయే. పూచీ లేని కొనుగోలుదారు సరుకు తీసికొని మాయమైనచో రైతు ఎవనిని పట్టుకొనవలెను?

కావున తెలుగువారి రెండు రాష్ట్రముల మార్కెటింగ్ శాఖలును చేయవలసినది స్పష్టము. అడ్తితోగాని, ఖరీదుతోగాని ఏ సంబంధమును లేని వేలపు ఉద్యోగులను పరీక్షించి ఎన్నుకొని, లైసెన్సు నిచ్చి, వారికి కమిటీయే జీతమిచ్చి, ప్రతి రాశి పాటను వారిచేతనే పాడింపవలెను. పాడించినవాని పేరును, లైసెన్సు సంఖ్యయు అధికారిక విక్రయపు చీటీయగు తక్‌పట్టీమీద అచ్చుకావలెను. జెండా పాట ధరతోబాటు ఆనాడు అత్యధిక సంఖ్యాకులైన రైతులకు దక్కిన ధరయు పత్రికల కీయవలెను. కొనువాని ధరావత్తు అతని దినసరి కొనుగోళ్ళకు తగినంత యుండవలెను. మిర్చి రాశులు యార్డులను ముంచెత్తు ఫిబ్రవరి మాసమునకు ముందే ఇవి నియమములుగా వెలువడవలెను. ఇందుకు రాష్ట్రప్రభుత్వముల అధికారమే చాలును. అంతవరకు రైతుసోదరులకు నా మనవి యిది: తెల్లచీటీ మీద లెక్కను అంగీకరింపకుడు, తక్‌పట్టీ అడిగి తీసికొనుడు, మీ రాశికి ఎవరెవరు ఎంతెంత పాడిరో చెప్పుమని కమిటీ కార్యదర్శిని అడుగుడు.